గుళిక బరువెంత

ఆ పొద్దున్న కాటా మేస్త్రీ భార్య వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ గ్లాసు పక్కన ఒక గుళిక పెట్టాలి. ఆయన దాన్ని మింగేదాకా ఎదురుగా నిలబడాలి. మింగాక ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోవాలి. ఇంతే. ఇంత మాత్రపు పథకం వారం తిరిగేసరికి వీధినంతా కాటా ఎక్కిస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

మేస్త్రీది కాటాలు బాగుచేసే కొట్టు. ముందు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. కొట్లో గోడ పొడుగునా త్రాసులు, కొక్కెం కాటాలు, తూకంరాళ్లు. మధ్యలో మనిషి ఎక్కి నిలబడేంత పెద్ద పలక కాటా, దాని నెత్తిన గుండ్రటి ముఖం, ఆ ముఖంలో ఎర్ర ముల్లు. వీధిలో ఏ కాటా బాగుపడినా చివరికి ఈ పెద్ద కాటాతో సరిచూసుకుని వెళ్లాల్సిందే. కొట్టు పెట్టిన పెద్దాయన, అంటే మేస్త్రీ తండ్రి, పోతూ పోతూ ఒకే ఒక్క మాట చెప్పిపోయాడు. ఈ ఇంట్లో అవసరాన్ని బట్టి ఎవరైనా అబద్ధమాడవచ్చు, కాటా మాత్రం ఆడకూడదు. కొడుకు ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, పెళ్లయిన కొత్తలో భార్య దుమ్ము తుడుస్తూ పెద్ద కాటా మర ఒకటి కదిలిస్తే ఆ పూట భోజనం మానేశాడు. ఆవిడ ఆనాటి నుంచి దాన్ని తుడవడమే మానేసింది.

నిజానికి కాటా కన్నా గొప్పది ఆయన చెయ్యి. పక్కింటి బేకరీ ఆవిడ పిండిముద్ద తెచ్చి అరచేతిలో పెడితే, చెయ్యి రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి బరువు చెప్పేవాడు. తర్వాత కాటా మీద పెట్టి చూస్తే ముల్లు ఆయన చెప్పిన చోటికే వచ్చి నిలబడేది. వీధిలో పిల్లలు పుస్తకాల సంచులు తెచ్చి, పెద్దవాళ్లు పిల్లల్నే తెచ్చి ఆయన చేతిలో పెట్టేవాళ్లు. పైకి విసుక్కునేవాడు గానీ లోపల మురిసిపోయేవాడు.

వానాకాలం చివర్లో ఆయనకు జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ ఆయన ఆకలినీ, ఆకురాయితో ఇనుము అరగదీసేటప్పుడు వేసే ఈలనీ వెంటబెట్టుకుని పోయింది. డాక్టరు పరీక్షలన్నీ చేసి లోపల ఏ జబ్బూ లేదన్నాడు, ఒళ్లు కోలుకోవడానికి టైం పడుతుందన్నాడు. మేస్త్రీ మాత్రం వారం వారం పెద్ద కాటా ఎక్కి, ముల్లు వారం వారం కిందికి జారడం చూస్తూ కూర్చున్నాడు. ఒకరోజు చేపల ఆవిడ సరదాగా ఒక తూకంరాయి ఆయన చేతిలో పెట్టి ఎంతో చెప్పమంది. ఆయన చెప్పాడు. కాటా కాదంది. ఆయన తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. చెయ్యి పోయింది, అన్నాడు. మర్నాడే ఎదురు వరసలో ఇనప సామాన్ల షాపాయనకు కబురంపాడు. కొట్టు గోడౌనుకు ఇచ్చేస్తాను, వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం సాయంత్రం వచ్చి తాళంచెవులు తీసుకోమని.

భార్య గుండెల్లో రాయి పడింది. ఈయన కొట్టు మూస్తే ఊరికే మూసి ఊరుకోడు, దానితో పాటు తనూ మూసుకుపోతాడని ఆవిడకు తెలుసు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తూకం తెలియదా? సంచీ పుచ్చుకుని తిన్నగా మందుల షాపుకు నడిచింది.

మందుల షాపాయన మహా జాగ్రత్త మనిషి. వాన పడుతోందా అని అడిగితే, పడుతున్నట్టే ఉంది అంటాడు తడుస్తూ. ఆవిడ కష్టం విని ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. దాని అసలు పేరు పలకాలంటే నాలుకకు వ్యాయామం కావాలనీ, అందరూ క్యూ టెన్ అంటారనీ చెప్పాడు. విటమిన్ లాంటిదేగానీ విటమిన్ కాదట. మన ఒళ్లు తనంతట తనే తయారుచేసుకుంటుందట, వయసు మీద పడేకొద్దీ తగ్గుతుందంటారట. తిండిని శక్తిగా మార్చుకోవడానికి కండరాలకూ గుండెకూ అది కావాలట.

"అయితే ఇది వేసుకుంటే బలం వస్తుందా?" అంది ఆవిడ.

"నీరసం తగ్గిందని కొన్ని పరిశోధనలు చెప్పాయమ్మా. ఏమీ తేడా లేదని కొన్ని చెప్పాయి. రెండూ చదివినవాణ్ణి, అబద్ధం చెప్పలేను. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లయితే జాగ్రత్త. ముందు మీ డాక్టరు గార్ని అడగండి."

ఆవిడ డాక్టరునూ అడిగింది. మేస్త్రీ అలాంటి మందులేవీ వాడటం లేదు కాబట్టి వేసుకుంటే నష్టం లేదు, అద్భుతాలు మాత్రం జరుగుతాయనుకోకండి అన్నాడు డాక్టరు. ఆవిడ చెవికి 'నష్టం లేదు' అన్నంతవరకే వినిపించింది.

సోమవారం పొద్దున్న టీ పక్కన గుళిక చూసి మేస్త్రీ గ్లాసు కింద పెట్టేశాడు. ఇలాంటివి తన ఒంటికి పట్టవన్నాడు. ఆవిడ కదల్లేదు. టీ చల్లారిపోతోందన్నాడు. ఆవిడ మళ్లీ వేడిచేసి తెచ్చింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయని గమనించి చివరికి ఆయనే దిగివచ్చాడు, కానీ తన పద్ధతిలో.

"సరే. వారం మింగుతాను. వచ్చే సోమవారం పొద్దున్న కాటా ఎక్కుతాను. ముల్లు పైకి కదిలితే కొట్టు ఉంటుంది. కదలకపోతే సాయంత్రం తాళంచెవులు ఇచ్చేస్తాను. మళ్లీ నువ్వు నన్ను అడగకూడదు."

"కాటా మీద ఒట్టేనా?" అంది ఆవిడ.

"కాటా మీద ఒట్టే."

ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద ఒట్టు లేదు. ఆవిడ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. గుళిక పనిచేయవచ్చు, చేయకపోవచ్చు అన్నాడు మందులాయన. చేయకపోతే? కొట్టు పోతుంది. ఒక సీసా మీద కొట్టునంతా పందెం కాయడానికి ఆవిడకు మనసొప్పలేదు. దేనికైనా మంచిదని పక్కన ఇంకో ఏర్పాటు చేసుకోవాలనుకుంది.

తూకంరాయి వాడగా వాడగా అరిగి బరువు తగ్గుతుంది. అప్పుడు దాని అడుగున ఉండే గుంటలో సీసం ముక్క దిగ్గొట్టి బరువు సరిచేస్తారు. అలాంటి సీసం ముక్కలు కొట్లో ఒక డబ్బా నిండా ఉంటాయి. జ్వరం వచ్చినప్పటి నుంచి మేస్త్రీ ఒంటి మీద ఒక ఉన్ని కోటు ఉంటోంది. చలికాలం కదా, స్నానానికీ నిద్రకూ తప్ప విప్పడు. కాటా ఎక్కేటప్పుడూ అదే కోటు. ఆవిడ డబ్బా వైపు చూసింది, కోటు వైపు చూసింది. కాటా అబద్ధమాడకూడదన్నారు మామగారు. కోటు ఆడకూడదని ఆయన ఎక్కడా అనలేదు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఆయన నడుం వాల్చినప్పుడల్లా ఆవిడ కోటు అంచు కుట్లు కొంచెం విప్పి, గుడ్డలో చుట్టిన సీసం ముక్కలు రెండో మూడో లోపల పెట్టి మళ్లీ కుట్టేసేది. ఒక్కసారే పెడితే పట్టేస్తాడు, రోజుకింత అయితే తెలియదు. మొత్తం రెండు కిలోలు చాలు. అంతకు మించి పెడితే దేవుడు క్షమించడని లెక్క వేసుకుంది.

తల్లి నవ్వు పోలికే కాదు, బుర్ర కూడా కూతురికి వచ్చిందని ఆవిడ మర్చిపోయింది. కూతురు సిటీ బస్సు నడుపుతుంది. డ్యూటీ దిగి వచ్చేసరికి తండ్రి స్నానానికి వెళ్తాడు, కోటు తలుపు వెనక వేలాడుతుంటుంది. కోటు జేబుకు లోపల ఒక చిరుగు ఉంది. ఆ చిరుగులోంచి సీసం ముక్కలు వదిలితే అవి లైనింగు లోపల వీపు దాకా పోయి కూర్చుంటాయి. చప్పుడు కాకుండా అమ్మాయి ఒక్కో ముక్కనూ దూదిలో చుట్టి మరీ వదిలింది. ఆమె లెక్క కిలోన్నర. నాన్న పందెం ఓడిపోతే చూడలేనని ఆమె భయం.

ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే డబ్బాలో చెయ్యి పెడుతున్నారు. డబ్బా మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇక మేస్త్రీ సంగతి. గుళిక మింగడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆయనకు రోజురోజుకూ భుజాలు లాగేస్తున్నాయి. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆన్చాల్సి వస్తోంది. గురువారం నాటికి నడక వంగింది. శుక్రవారం గుమ్మం దాటుతూ ఒక నిట్టూర్పు విడిచి, కోటు కూడా మొయ్యలేని బతుకైపోయింది అన్నాడు. భార్య ఆ వంగిన వీపు వంక చూసింది. తను పెట్టింది పిసరంత, దానికే ఇంత వంగిపోయాడంటే మనిషి ఎంత చితికిపోయాడో అనుకుంది. ఇలాంటివాడి ముల్లు తనంతట తాను ఎక్కడ కదులుతుందని ఆ మధ్యాహ్నం ఇంకో ముక్క ఎక్కువ పెట్టింది. అదే సాయంత్రం అదే వంగిన వీపు చూసి, అదే దిగులుతో కూతురూ ఇంకో ముక్క వేసింది. ఆయన వంగేకొద్దీ వీళ్లు పెట్టారు, వీళ్లు పెట్టేకొద్దీ ఆయన వంగాడు.

ఒక్కటి మాత్రం ఎవరూ గమనించలేదు. అంత బరువు మోసి మోసి ఆయనకు సాయంత్రమయ్యేసరికి ఆకలి వేయడం మొదలైంది. ఆదివారం ఆయన కంచం ఖాళీ చేశాడు.

సోమవారం పొద్దున్న కొట్లో బేకరీ ఆవిడ, మందుల షాపాయన కూడా ఉన్నారు. పందెం సంగతి వీధికంతా తెలుసు, భార్య నోట్లో నువ్వుగింజ నానదు. మేస్త్రీ కోటు వేసుకునేటప్పుడు దాన్ని ఒక చేత్తో ఎత్తి పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. ముఖం మబ్బు పట్టినట్టయింది. తొడుక్కుని, పెద్ద కాటా ఎక్కాడు.

ముల్లు లేచింది. కిందటి వారం గుర్తు దాటింది. కిలో దాటింది, రెండు దాటింది, మూడు దాటింది, నాలుగు కిలోల దగ్గర వణికి నిలబడింది.

కొట్లో అందరూ నోళ్లు తెరిచారు. అందరికన్నా ఎక్కువ తెరిచింది భార్యే. రెండు కిలోలు తనవి, మరి తక్కిన రెండు? ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే గుళికల సీసా మీదికి వెళ్లింది. కూతురి లెక్కలో అయితే గుళిక వాటా రెండున్నర. ఇద్దరూ ఒకేసారి గుళికను పొగడటం మొదలుపెట్టారు. అందులో అబద్ధం ఒక్క పిసరు కూడా లేదు, మనస్ఫూర్తిగానే పొగిడారు. మేస్త్రీ మాత్రం కాటా దిగి కుర్చీలో కూలబడ్డాడు. గెలిచినవాడి ముఖంలా లేదు అది.

మాట వీధిలోకి పోయింది. బక్కపలచగా ఉన్నవాళ్లంతా మందుల షాపు ముందు మూగారు, రెండేసి సీసాలు కావాలన్నారు. వాళ్ల వెనకే బేకరీ ఆవిడ వచ్చింది. ఆవిడ నెల రోజులుగా అదే గుళిక వేసుకుంటోంది, రోజంతా నిలబడి కాళ్లు పీకుతున్నాయని. వారానికి నాలుగు కిలోలైతే తాను బట్టీ తలుపులోంచి పట్టనని ఆవిడ గోల. మందులాయన మెట్ల మీద నిలబడి రెండు చేతులూ ఎత్తి, ఇది బరువు పెంచే మందు కాదు, తగ్గించే మందూ కాదు, అసలు మందే కాదు అని మొత్తుకున్నాడు. మరి ఎందుకు అమ్ముతున్నావని చేపల ఆవిడ అడిగింది. దానికి ఆయన దగ్గర రెండు రకాల పరిశోధనలున్నాయి గానీ వినే ఓపిక ఎవరికీ లేదు. ఆ ఊపిరాడని స్థితిలో, పుట్టిన దగ్గర నుంచి 'బహుశా' లేకుండా మాట్లాడని ఆ మనిషి మొదటిసారి తెగించాడు.

"వారంలో మనిషి నాలుగు కిలోలు పెరగడు. గుళిక తప్పు కాదు. ఆ కాటా తప్పు."

వీధి ఒక్కసారి చల్లబడింది. ఆ మాట ఎంత పెద్దదో చేపల ఆవిడకు ముందుగా తట్టింది. తన కాటా సరిచూసింది ఆ పెద్ద కాటాతోనే కదా. అది తప్పయితే తనదీ తప్పే. బేకరీ పిండి కాటా, కూరల కొట్టు కాటా, పార్సిల్ ఆఫీసు కాటా, చివరికి మందుల షాపాయన పసిపిల్లల్ని తూచే బుల్లి కాటా, అన్నీ తప్పే. గోరంతది కొండంతైంది. గంట గడిచేసరికి ఎవరి కాటా వాళ్లు చంకన పెట్టుకుని మేస్త్రీ కొట్టు ముందు వరసకట్టారు.

"నీ కాటా అబద్ధమాడుతోందంట అన్నా. నిజమేనా?" అంది చేపల ఆవిడ, గుమ్మంలోనే నిలబడి. కోపంగా అనలేదు. భయంగా అంది.

మేస్త్రీ ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. తర్వాత లేచాడు. కుర్చీకి చేతులు ఆన్చకుండా లేచాడు.

"కాటా తప్పని తేలితే నేను తాళంచెవులు సాయంత్రం దాకా ఉంచుకోను. ఇప్పుడే ఇచ్చేస్తాను. సొంత కాటా సరిగా లేనివాడికి ఈ కొట్లో కూర్చునే అర్హత లేదు. చూద్దాం, ఉండండి."

జ్వరం వచ్చిన తర్వాత మొదటిసారి ఆయన పై అరలోని చెక్కపెట్టె దింపాడు. నూనెగుడ్డలో చుట్టి ఉంచిన ఇత్తడి రాళ్లు బయటికి తీశాడు. కాటాలకు కాటాలు అవి. ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి పలక మీద పెడుతూ, ముల్లు దగ్గర కళ్లు చిట్లించి చూస్తూ, తీసి మళ్లీ పెడుతూ చుట్టూ ఉన్న జనాన్ని మర్చిపోయాడు.

వంటింట్లో తల్లి కూతుర్ని గోడకు నొక్కిపెట్టింది. ఇక దాచి లాభం లేదు, నాన్న పరువు పోతోంది, తను వెళ్లి చెప్పేస్తానంది.

"ఏం చెప్తావమ్మా?"

"కోటు అంచులో రెండు కిలోల సీసం ఉందని."

కూతురు తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా, వీపు వైపు ఇంకో కిలోన్నర ఉంది అంది. ఇద్దరూ తలలు పట్టుకున్నారు. అన్ని రోజులూ ఆ బక్క భుజాల మీద తాము వేసిన బరువంతా ఒక్కసారి వాళ్ల గుండెల మీదికి వచ్చి కూర్చుంది. తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ దుఃఖంలోనే వేళ్లు ముడిచి లెక్క చూసుకుంది. రెండూ, ఒకటిన్నరా కలిపితే మూడున్నర. ముల్లు చూపించింది నాలుగు. పోనీలే, ఆ అర కిలో అయినా గుళికదే అనుకుని ఇద్దరూ కొంచెం ఊరటపడ్డారు.

చెబుదామని కొట్లోకి వచ్చారు గానీ గుమ్మంలోనే ఆగిపోయారు. పెద్ద కాటా సరిగ్గానే ఉందని తేలిపోయింది. వెంట్రుక వాసి తేడా లేదు. అక్కడితో ఆగాల్సిన మేస్త్రీ ఆగలేదు. వరసలో మొదటిదైన పిండి కాటా ముందేసుకుని దాని తప్పు పట్టేశాడు, ఆకురాయి తీసుకుని అరగదీస్తున్నాడు. పెదవుల మధ్య నుంచి సన్నగా ఈల వస్తోంది. అది తనదేనని ఆయనకే తెలిసినట్టు లేదు. ఆ ఈల ఆపే ధైర్యం తల్లికీ లేదు, కూతురికీ లేదు.

అప్పటికే మందులాయన గొంతు సవరించుకున్నాడు. "బహుశా కాటా తప్పు కాదేమో," అన్నాడు.

"కాటా ఒప్పు, గుళిక ఒప్పు. అయితే మనిషే తప్పా?" అంది బేకరీ ఆవిడ.

అందరూ మేస్త్రీ వైపు చూశారు. ఆయనకు చెమటలు పట్టాయి. ఆకురాయి పనికి ఎవరికైనా పడతాయి. చెయ్యి ఆపకుండానే కోటు విప్పి, తగిలించడానికి ఏది దొరికితే దానికి తగిలించాడు. దొరికింది సరిచూడటానికి దూలానికి వేలాడదీసిన చేపల ఆవిడ కొక్కెం కాటా.

స్ప్రింగు కిర్రుమంది. ముల్లు జర్రున దిగి ఐదున్నర కిలోల దగ్గర ఆగింది. కోటు కొక్కేనికి వేలాడుతూ మెల్లగా ఒక చుట్టు తిరిగింది.

మేస్త్రీ ఈల ఆగింది. ఆయన ఆ ముల్లు వంక చాలాసేపు చూశాడు. లేచి వచ్చి కోటును కొక్కెం మీద నుంచి తీసి, కుడిచేత్తో పట్టుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఆడించాడు. మళ్లీ తగిలించాడు. మళ్లీ ఐదున్నర.

"పొద్దున తొడుక్కుంటుంటే చేతికి ఐదున్నర అనే అనిపించింది." అన్నాడు ఆయన. "కిలోన్నర కోటు ఐదున్నర ఎందుకుంటుంది, చెయ్యి పూర్తిగా పోయింది అనుకున్నాను. పోలేదే. చెయ్యి సరిగ్గానే చెప్పింది."

భార్య ముందుకు వచ్చి, కత్తెర తీసుకుని, నేల మీద కూర్చుని కోటు ఒళ్లో పెట్టుకుని అంచు విప్పింది. గుడ్డల మూటలు ఒక్కొక్కటే రాలాయి. కూతురు పక్కన కూర్చుని లైనింగు చింపింది. దూది ఉండలు రాలాయి. ఇద్దరూ తలెత్తలేదు. మేస్త్రీ ఆ సీసం ముక్కల కుప్పనూ, వాటి పక్కన వంగిన రెండు తలలనూ చూస్తూ నిలబడ్డాడు. ఇంకొకరైతే కోప్పడేవారేమో. ఆయనకు కళ్లు మసకబారాయి.

"మూడున్నర మావి. తక్కిన అర కిలో నిజంగా గుళికదేనండీ," అంది భార్య ముక్కు చీదుతూ.

"కోటుకెవరు గుళికలు మింగించారు?" అంది బేకరీ ఆవిడ.

నిజమే. అర కిలో ఉన్నది కోట్లో. భార్య కోటు దులిపింది. లోపలి జేబులోంచి ఠంగుమని ఒకటి నేల మీద పడి, దొర్లుకుంటూ వెళ్లి మందులాయన చెప్పుకు తగిలి ఆగింది. సీసం కాదు. ఇనప తూకంరాయి. అర కిలో. తల్లి కూతురి వైపు చూసింది, కూతురు తల్లి వైపు చూసింది. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మేస్త్రీ చెయ్యి ఒంటి మీద లేని కోటు జేబు దగ్గరికి వెళ్లి ఆగింది.

"అది నాది," అన్నాడు చివరికి, దూలం వైపు చూస్తూ. "రోజురోజుకూ కోటు బరువెక్కిపోతోంది. నేనే చిక్కిపోతున్నాననుకున్నాను. ముల్లు కదలకపోతే కొట్టు పోతుంది కదా. నిన్న తెచ్చి వేసుకున్నాను."

"కొట్టు ఇవ్వడం ఇష్టం లేదని ఒక్క మాట అంటే సరిపోయేది కదండీ."

"కాటా మీద ఒట్టేశాను కదే."

ఆవిడ ఏడవబోయి నవ్వింది, నవ్వబోయి ఏడ్చింది. తండ్రి మాట జవదాటని మనిషి, పెద్ద కాటా మర తాకినందుకు తిండి మానేసిన మనిషి, ఈ కొట్టు కోసం జేబులో రాయి వేసుకుని కాటా ఎక్కాడు. ఇంత ప్రాణం పెట్టుకుని తాళంచెవులు ఇచ్చేస్తానని వారమంతా ఎలా కూర్చున్నావయ్యా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆయన చెయ్యి పట్టుకుని తన చెంపకు ఆనించుకుంది, వీధి వీధంతా చూస్తుండగానే. చేపల ఆవిడ కొంగు కళ్లకద్దుకుంది.

లెక్క మాత్రం తేలాలి కదా. మేస్త్రీ ఖాళీ కోటు తొడుక్కుని మళ్లీ పెద్ద కాటా ఎక్కాడు. ముల్లు కిందటి వారం గుర్తు దగ్గరికి వచ్చి, సరిగ్గా అక్కడే నిలబడింది. పైకీ లేదు, కిందికీ లేదు.

"కదల్లేదు," అంది భార్య.

ఆయన ముల్లు వంక దీర్ఘంగా చూశాడు. "జ్వరం వచ్చిన దగ్గర నుంచి ఇది దిగని వారం ఇదే," అన్నాడు.

అది గుళిక వల్లనా అని అందరూ మందులాయన వైపు తిరిగారు. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు అన్నాడు ఆయన హాయిగా, మళ్లీ తన దారిలో పడి. వారానికి ఏదీ తేలదన్నాడు. కోటు మోసిన వ్యాయామం కావచ్చు, దానివల్ల ఆకలి వేసి ఉంటే అది కావచ్చు, ఊరికే టైం గడవడం కావచ్చు. వేసుకుంటానంటే డాక్టరుకు చెప్పి వేసుకోమన్నాడు. ఇక మీదట సీసం మాత్రం దగ్గరికి రానివ్వొద్దనీ, ఇద్దరూ చేతులు సబ్బుతో కడుక్కోండనీ చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయనకు 'బహుశా' గుర్తురాలేదు.

సాయంత్రం ఇనప సామాన్ల షాపాయన తాళంచెవుల కోసం వచ్చేసరికి గుమ్మం కనిపించనంతగా కాటాలున్నాయి. వాటి మధ్యలోంచి ఈల వినిపిస్తోంది. మేస్త్రీ తల కూడా ఎత్తకుండా చెయ్యి చాపాడు. వచ్చినాయన ఏం చెయ్యాలో తెలియక తన జేబులోని తాళాల గుత్తి తీసి ఆ చేతిలో పెట్టాడు. మేస్త్రీ రెండుసార్లు ఆడించి బరువు చెప్పి, గుత్తి తిరిగి ఇచ్చేశాడు. కొట్టు ఇవ్వడం లేదన్నాడు. ముల్లు కదల్లేదట కదా అన్నాడు వచ్చినాయన. ముల్లు కదల్లేదు, నేను కదిలాను, అన్నాడు మేస్త్రీ. వచ్చినాయన కాసేపు తటపటాయించి, అయితే మా మేకుల కాటా కూడా కొంచెం తేడాగా ఉందని, వెళ్లి తెచ్చి వరస చివర పెట్టాడు.

ఆ రాత్రి భార్య కోటును మళ్లీ కుట్టింది. ఈసారి లోపల ఏమీ పెట్టలేదు. జేబు చిరుగు కూడా మూసేసింది.

మర్నాడు పొద్దున్న మేస్త్రీ కోటు తొడుక్కుని, భుజాలు రెండుసార్లు ఎగరేసి, టీతో పాటు గుళిక అడిగి మరీ మింగి, కోటు ఎంతో తేలిగ్గా ఉందనీ, ఏమైనా ఈ గుళికలో మహిమ ఉందనీ అన్నాడు.